గిటార్ పాటల్లో ర్యాప్ కలిపితే ఆల్బమ్ అతుకుల బొంత అవుతుందా?

గుంటూరులో చదువుకుంటూ గిటార్ మీద సొంత పాటలు కట్టుకుంటున్నానని రాశారు. పల్లవి మెత్తగా వస్తోంది, చరణానికి వచ్చేసరికి ర్యాప్ తన్నుకొస్తోంది, ఎనిమిది పాటలతో మొదటి ఆల్బమ్ చేస్తే అతుకుల బొంతలా ఉంటుందేమోనని మీ భయం. నేను విజయవాడలో ఇదే దారిలో ఏడు పాటల ఆల్బమ్ చేశాను, రెండేళ్లు పట్టింది. ధైర్యంగా చేయండి. కాకపోతే అతుకు ఎక్కడ కనబడుతుందో ముందే తెలిస్తే మీకు నాకు పట్టినంత కాలం పట్టదు.

నా మొదటి పాటలో ర్యాప్ ఇలా మొదలయ్యేది: ‘బెంజి సర్కిలు దాటి వస్తే’. చదువుకుంటే బాగుంది, గిటార్ మీద పెడితే ప్రతిసారీ జారిపోయేది. బీట్ మార్చాను, వేగం నిమిషానికి 90 దెబ్బల నుంచి 84కి తగ్గించాను, మైకు కూడా మార్చాను. ఆరు నెలలు అదే టెన్షన్. ఒకరోజు వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్న అమ్మ ఆ లైను విని వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆమె ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పింది. “మూడు, నాలుగు, మూడు, నాలుగు. ఇది ముత్యాలసరం నడక నాన్నా. నువ్వు కొట్టే తాళమేమో చతురస్రం, అన్నీ నాలుగులే. ఎలా కుదురుతుందిరా?” అంది.

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. మనం మామూలుగా వాయించే బీట్లో బార్‌కి నాలుగు దెబ్బలు. దెబ్బకు నాలుగు మాత్రలు (అక్షరం పలకడానికి పట్టే కాలానికి కొలత) చొప్పున మొత్తం 16. గురజాడ వాడిన ముత్యాలసరం ఛందస్సులో, చివరిది మారినా, మిగతా పాదాలకు 14 చొప్పున. బెంజి మూడు, సర్కిలు నాలుగు, దాటి మూడు, వస్తే నాలుగు. దాంతో రెండో దెబ్బ ‘సర్కిలు’ మధ్యలో పడుతోంది. లైనుని ‘బెంజీ సర్కిల్ దాటుకు వస్తే’ అని మార్చాను. ఇప్పుడు ప్రతి పదానికీ సరిగ్గా నాలుగు మాత్రలు. ఆ సాయంత్రమే పాట గిటార్ మీద కూర్చుంది. ప్రతి లైనూ ఇలాగే ఉండాలని కాదు. దెబ్బ తప్పించి పలకడంలోనూ అందం ఉంది, అయితే అది మీరు కావాలని చేసిందై ఉండాలి. లఘువుకు, అంటే పొట్టి అక్షరానికి, ఒక మాత్ర; గురువుకు, అంటే పొడుగు అక్షరానికి, రెండు; సంయుక్తాక్షరం ముందున్న అక్షరం కూడా గురువే. స్కూల్లో మార్కుల కోసం నేర్చుకున్న ఈ లెక్కే తెలుగు ర్యాప్‌కి అసలైన పనిముట్టు అని నా నమ్మకం.

ప్రాస సంగతి కూడా అంతే. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘వచ్చాను, చూశాను, వెళ్లాను’ అని అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. నాలుగు లైన్లయ్యేసరికి చెవికి మొహం మొత్తుతుంది. పద్యాల్లో లాగా రెండో అక్షరం కలిపి చూడండి: బస్సు, మెస్సు, లస్సీ. ర్యాప్‌కి వెంటనే బిగువు వస్తుంది.

ఇక ఆల్బమ్ మొత్తం ఒకే మనిషిది అనిపించడం గురించి. గిటార్‌తో పాడుతూ ర్యాప్ కూడా చేసే ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ మొదటి ఆల్బమ్ ‘ప్లస్’ 2011 సెప్టెంబర్‌లో వచ్చింది. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి వినండి. నిలువ నీడ లేక మత్తుకు బానిసైన అమ్మాయి గురించి మెల్లగా పాడిన గొంతే ఇంకో పాటలో ఊపిరాడనంత వేగంగా ర్యాప్ చేస్తుంది. అయినా తేడా కొట్టదు, గిటార్ అతని చేయి వదలదు కాబట్టి. స్టేజీ మీద అతను గిటార్ చెక్కను చేత్తో తట్టి, ఆ చప్పుడునే లూప్ పెడల్లో (రికార్డు చేసిన ముక్కను మళ్లీ మళ్లీ వినిపించే కాలి మీట) తిప్పి డ్రమ్ముగా వాడతాడు. దాని మీద కార్డులు (కలిపి మోగించే స్వరాలు), ఆ పైన గొంతు ఒక్కొక్క పొరగా పేర్చుకుంటాడు. ఇంకో విషయం, ఆల్బమ్‌కి ముందు అదే ఏడాది గ్రైమ్ అనే లండన్ వేగపు ర్యాప్ పాడేవాళ్లతో కలిసి ఓ ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) చేశాడు. అంటే ర్యాప్ అతనికి పైపూత కాదు, ఆ మనుషులతో కూర్చుని పనిచేసి తెచ్చుకున్నది.

నేను చేసిందల్లా పల్లవిలో పూర్తిగా మీటిన కార్డులనే ర్యాప్ దగ్గర అరచేయి తీగల మీద ఆనించి పొడిగా వాయించడం. ర్యాప్ మాట్లాడే శ్రుతిలో ఉంచి పల్లవిని నాలుగైదు స్వరాలు పైకి తీసుకెళ్లాను. ఈ రెండూ చేశాక కలిసిన చోటు తెలియలేదు.

నాకు తగిలిన ఒక ఎదురుదెబ్బ కూడా చెప్పాలి. రెండో పాటకు నెట్లో ‘ఫ్రీ’ అని పెట్టిన బీట్ వాడాను. పాట విడుదలైన పదో రోజున కాపీరైట్ క్లెయిమ్ పడింది, పాట తీసేశారు. అలాంటి బీట్లు చాలావరకు డబ్బు రాని వాడకానికి మాత్రమే ఫ్రీ. ఆ షరతు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. లైసెన్స్ కొనండి, రసీదు దాచుకోండి, లేదా గిటార్ తట్టి మీరే చేసుకోండి.

రికార్డింగ్‌కి ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. కృష్ణలంకలో మా ఇల్లు హైవేకి దగ్గర, పగలంతా హారన్లే. రాత్రి ఒంటిగంట దాటాక, అమ్మ నూలు చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి, దానికి ఎదురుగా నిలబడి పాడేవాడిని. చీరలు గదిలో మోతను పీల్చేస్తాయి, గొంతు పొడిగా, దగ్గరగా వస్తుంది. నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం చాలు. ఫ్యాన్ మాత్రం ఆపాల్సిందే. అందుకే గొంతుల పని ఫిబ్రవరిలోపు ముగించేయండి. ఏప్రిల్ వచ్చిందంటే మన ఊళ్లలో ఫ్యాన్ ఆపిన గదిలో ఒక్క టేక్ కూడా పూర్తిచేయలేరు, చెమట చేతులకు తీగలు కూడా తుప్పు పడతాయి.