తల్లిదండ్రులు రాష్ట్రం మారితే మెడికల్ స్కూలు ప్రవేశానికి టెక్సస్ స్థానికత పోతుందా?

తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి స్థానికత సాధారణంగా వారి స్థిరనివాసాన్ని బట్టే నిర్ణయమవుతుంది కాబట్టి వారు వేరే రాష్ట్రంలో స్థిరపడితే అది పోవచ్చు గానీ, టెక్సస్‌లోనే హైస్కూలు పూర్తిచేసినవారికి చట్టం మరో దారి ఉంచింది. అక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు సాధారణంగా కనీసం 90 శాతం సీట్లను రాష్ట్రవాసులకే ఇవ్వాలి కనుక ఇది ఫీజు తేడాతో తేలిపోయే విషయం కాదు.

మొదటి దారిలో, ఆదాయపు పన్ను లెక్కల్లో ఆధారితులుగా చూపదగిన విద్యార్థికి, కోర్సు మొదలయ్యే ముందు ఏడాదిపాటు తల్లి లేదా తండ్రి స్థిరనివాసం టెక్సస్‌లో ఉండాలి. రెండో దారిలో వారి చిరునామాతో పనిలేదు. హైస్కూలు పట్టాకు ముందు మూడేళ్లూ, మెడికల్ స్కూలులో చేరే ముందు ఏడాదీ విద్యార్థి ఎడతెగకుండా అక్కడే నివసించి ఉండాలి. ఉదాహరణకు, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తొమ్మిది నుంచి పన్నెండు వరకు చదివి ఆస్టిన్‌లో డిగ్రీ చేస్తున్న అమ్మాయి, తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం సియాటిల్‌కు తరలినా, తాను టెక్సస్‌లోనే ఉండిపోతే స్థానికురాలే. ఆమె కూడా వెంట వెళ్లి అక్కడే స్థిరపడితే మాత్రం రెండు దారులూ మూసుకుపోతాయి.

బయటి రాష్ట్రం నుంచి వచ్చి నాలుగేళ్లు డిగ్రీ చదివితే చాలు, స్థానికత దానంతటదే వస్తుందని చాలామంది నమ్ముతారు. కానీ అలా కేవలం చదువు కోసం ఉన్న కాలం స్థిరనివాసం కిందికి రాదు.