బ్రెగ్జిట్‌లో నాకూ ఓటు ఉండింది, ఎటు వేయాలో కర్నూల్లో తేల్చుకున్నాను

మీరు అడిగినవి రెండు. 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని ఓటింగ్ పెట్టినప్పుడు అక్కడున్న తెలుగువాళ్లు ఎట్లా నిర్ణయించుకున్నారు? రేపు మళ్లీ చేరాలా అని ఓటింగ్ వస్తే, లెస్టర్‌లో చదువుతున్న మీ అన్న కూతురికి ఓటు ఉంటుందా?

మొదటిదానికి నా అనుభవం చెప్తాను. అందరి తరఫునా చెప్పలేను. మా ఇంట్లోని రెండు ఓట్లే రెండు దిక్కులకు పోయాయి.

నాది ఇండియా పాస్‌పోర్టు. అయినా ఓటు ఉండింది. బ్రిటన్‌లో నివాసముండే కామన్‌వెల్త్ దేశాల (ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న, మన దేశం కూడా ఉన్న కూటమి) పౌరులకు అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది, ఈ ఓటింగ్‌కు, అంటే రెఫరెండానికి, కూడా అదే అర్హత పెట్టారు. మా ఆఫీసులో నా పక్క సీట్లో పోలండ్ నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నాడు, ఇల్లు కొనుక్కున్నాడు, పిల్లలు అక్కడే పుట్టారు. ఆయనకు ఓటు లేదు. తేలాల్సింది ఆయన బతుకు, ఓటేమో నా చేతిలో! అది తెలిశాక ఈ ఓటును తేలిగ్గా తీసుకోవడానికి మనసు ఒప్పలేదు.

లీవ్ (బయటికి రావాలి) వైపు లాగే కారణాలు మనవాళ్లకు గట్టిగానే ఉండేవి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసాను 2012లో తీసేశారు. 2016 ఏప్రిల్ నుంచి, వర్క్ వీసా మీద వచ్చినవాళ్లు అక్కడే స్థిరపడాలంటే చాలా ఉద్యోగాల్లో ఏడాదికి కనీసం 35,000 పౌండ్ల జీతం ఉండాలన్నారు. యూరప్ నుంచి వచ్చేవాళ్లకు వీసానే అక్కర్లేదు. లీవ్ వైపున్న ప్రీతీ పటేల్ లాంటి బ్రిటన్ నాయకులు, యూరప్ వలసలు తగ్గితే మన వైపు నుంచి వంటవాళ్లకు, నిపుణులకు దారి దొరుకుతుందని ప్రచారం చేశారు. మా ఆవిడది అనంతపురం. బ్రిటన్‌లో ఆసుపత్రిలో నర్సు. వాళ్ల తమ్ముడు బ్రిటన్‌లోనే ఎమ్మెస్ చేసి, ఉద్యోగం చూసుకునే గడువు లేక వెనక్కి వచ్చేశాడు. "నా పక్కన పనిచేసే పోర్చుగల్ అమ్మాయికి ఒక రూలు, మా తమ్ముడికి ఒక రూలా?" అని అడిగేది. ఆ కోపం న్యాయమైనదే. కానీ మా బామ్మర్దిని వెనక్కి పంపిన రూలు బ్రసెల్స్ (యూరోపియన్ యూనియన్) పెట్టింది కాదు, లండన్ (బ్రిటన్ ప్రభుత్వం) పెట్టింది. దీని మీద మా ఇంట్లో చాలా రాత్రులు వాదన నడిచింది.

జూన్‌లో అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉండి నేను కర్నూలు వచ్చాను. ఇంగ్లండ్‌లో జూలై దాకా బడులుంటాయి కాబట్టి ఆవిడా పిల్లలూ మేముండే రెడింగ్‌లోనే ఉండిపోయారు. నా ఓటు ఆవిడ వేసేటట్టు ప్రాక్సీకి దరఖాస్తు పెట్టుకున్నాను. ఎటు వేయాలో ఫోన్‌లో చెప్తే చాలు.

బ్రిటన్ ప్రభుత్వం ప్రతి ఇంటికీ పంపిన పదహారు పేజీల కరపత్రం నా బ్యాగులో ఉండిపోయింది. మా నాయన భూముల సర్వే శాఖలో పనిచేసి రిటైర్ అయినాయన. ఏ కాగితం దొరికినా బాల్‌పెన్ను పట్టుకొని చదవడం అలవాటు. మీ నిర్ణయాన్ని ప్రభుత్వం అమలు చేస్తుందన్న వాక్యం కింద గీత గీశారు. చట్టం ప్రకారం ఆ ఓటింగ్ సలహా మాత్రమే, అయినా ప్రభుత్వం ముందే మాట ఇచ్చేసింది. ఇంకో గీత గీయడానికి వెతికి వెతికి, చివరికి నన్ను అడిగారు.

"ఉంటే ఎట్లుంటాదో తెలుస్తాంది. ఇడిపోతే ఎట్లుంటాదో యాడన్నా రాసిచ్చినారా?"

లేదన్నాను. కొందరు నార్వే మాదిరి బయట ఉండి వాళ్ల మార్కెట్‌లో కొనసాగుదామంటున్నారు, కొందరు కెనడా మాదిరి వ్యాపార ఒప్పందం చాలంటున్నారు, కొందరు పూర్తిగా తెంచుకుందామంటున్నారు.

"మరి దేనికిరా నువ్వు ఓటేసేది? అన్నదమ్ములు ఇడిపోతామంటే తప్పులేదు. ముందర పెద్దమనుషుల్ని కూచోబెట్టి కాగితం రాసుకుంటారు. ఏ గెట్టు ఎవరిది, బాయి నీళ్లు ఎవరికి ఎన్ని దినాలు అని. ఆ కాగితం లేకుంటే నేను గొలుసు పట్టుకొని పొలంలోకి దిగేవాణ్ణే కాదు."

కర్నూలు మనిషికి ఈ మాట ఎందుకు తగులుతుందో వేరే చెప్పాలా? 1953 అక్టోబర్ 1న మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని మా ఊరే. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, చిన్నప్పుడు మా నాయన వాటిని చూశారు. మూడేళ్లకు, 1956లో, రాజధాని హైదరాబాద్‌కు పోయింది. 2014లో మళ్లీ విభజన. మేం మాట్లాడుకుంటున్న ఆ రోజుల్లోనే సచివాలయం ఉద్యోగులను హైదరాబాద్ నుంచి వెలగపూడికి పంపించే వార్తలు పేపర్ల నిండా ఉండేవి. విభజన చట్టం తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తులు ఎవరివి, కృష్ణా నీళ్లు ఎవరికెన్ని అన్నవి అప్పటికీ తేలలేదు. విభజన మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దాన్ని ఇక్కడికి లాగను. చట్టం చేసి, షెడ్యూళ్లు రాసుకొని విడిపోయినా పంపకాలు ఇంత కాలం పడుతుంటే, ఏమీ రాసుకోకుండా విడిపోవడం నాకు భయమేసింది.

అప్పుడు రెండు వైపుల అంకెలనూ పక్కన పెట్టేశాను. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నామని లీవ్ వాళ్లు ఎర్ర బస్సు మీద రాశారు. యూనియన్‌కు కట్టే డబ్బులో బ్రిటన్‌కు వచ్చే తగ్గింపు తీసేయకుండా చెప్పిన లెక్క అది, తప్పుదోవ పట్టిస్తుందని అక్కడి గణాంక సంస్థే చెప్పింది. ఇటు ఆర్థిక మంత్రి ఆస్‌బోర్న్, బయటికి వస్తే 2030 నాటికి ఒక్కో కుటుంబానికి ఏడాదికి 4,300 పౌండ్ల నష్టమన్నారు. పద్నాలుగేళ్ల తర్వాతి సంగతిని ఇంటింటికీ లెక్కగట్టి చెప్తే నమ్మబుద్ధి కాలేదు.

ఆ తర్వాత నేను చూసింది ఒకటే, వెనక్కి రావడానికి దారి ఉందా అని. ఉండిపోతే, ఐదేళ్లకో పదేళ్లకో బాగా ఆలోచించుకొని, కాగితం రాసుకొని బయటికి రావచ్చు. బయటికి వచ్చాక మళ్లీ చేరాలంటే అన్ని సభ్య దేశాలూ ఒప్పుకోవాలి. ఆ తగ్గింపు, సొంత పౌండు లాంటి పాత వెసులుబాట్లు మళ్లీ దక్కుతాయన్న హామీ లేదు. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ, యూనియన్‌లోనే ఉండే ఐర్లండ్ దేశానికీ మధ్య సరిహద్దు సంగతి కూడా అప్పుడే మ్యాప్ ముందేసుకొని చూశాను. దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు, 1998 శాంతి ఒప్పందం తర్వాత జనం అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతున్న చోటు. అక్కడ మళ్లీ చెక్‌పోస్టులు పెడతారా? నేను చూసిన టీవీ చర్చల్లో దాని ఊసే తక్కువ. తర్వాత బండి ఇరుక్కుపోయింది ముఖ్యంగా అక్కడే. అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019లో పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది. బ్రిటన్ బయటికి వచ్చేసరికి 2020 జనవరి 31.

రిమైన్ (ఉండిపోవాలి) అని ఆవిడకు ఫోన్‌లో చెప్పాను. "మీ ఓటు మీరు చెప్పినట్టే వేస్తా. నాది మాత్రం లీవే" అంది. జూన్ 23న ఒకే బూత్‌లో రెండు బ్యాలెట్ పేపర్ల మీద రెండు వేర్వేరు గళ్లలో ఇంటూ గుర్తు పెట్టి వచ్చింది. ఆమె మాట మీద నాకు క్షణం కూడా అనుమానం రాలేదు. మరుసటి రోజు పొద్దున కర్నూల్లో టీవీ ముందు కూర్చుంటే లీవ్ 51.9 శాతం అని తేలింది. రెడింగ్ రిమైన్ వైపు ఉంది. దగ్గర్లోనే, మన దేశపు మూలాలున్నవాళ్లు ఎక్కువగా ఉండే స్లావ్ పట్టణం లీవ్ వైపు పోయింది. ఇండియన్స్ అంతా ఇటే వేశారని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆవిడ అనుకున్నది కొంత జరిగింది. 2021 నుంచి యూరప్ వాళ్లకూ మనకూ వీసాలకు ఒకే పాయింట్ల పద్ధతి వచ్చింది, చదువు తర్వాతి వీసా కూడా తిరిగి వచ్చింది. ఆ వీసా ఇచ్చిన లండనే 2024లో స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితిని 38,700 పౌండ్లకు పెంచింది. మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు. నా ఓటు విషయంలో నాకు మాత్రం రెండో ఆలోచన లేదు.

ఇక మీ అమ్మాయి సంగతి. మళ్లీ చేరే ఓటింగ్ ఇప్పట్లో కనపడటం లేదు. 2024లో గెలిచిన లేబర్ పార్టీ, యూరప్ ఉమ్మడి మార్కెట్ (సింగిల్ మార్కెట్) లోకి గానీ ఉమ్మడి సుంకాల కూటమి (కస్టమ్స్ యూనియన్) లోకి గానీ తిరిగి వెళ్లేది లేదని మేనిఫెస్టోలోనే రాసింది. ఒకవేళ వస్తే, ఎవరికి ఓటుండాలో ఆ రెఫరెండం చట్టమే చెప్పాలి. కానీ పార్లమెంటు, కౌన్సిల్ (స్థానిక సంస్థల) ఎన్నికలకు ఆమెకు ఇప్పుడే అర్హత ఉంది, స్టూడెంట్ వీసా అడ్డం కాదు. పేరు మాత్రం తనంతట తానే నమోదు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో కాసేపటి పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ (అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు ఉండే నంబర్) లేకపోయినా కారణం రాసి పెట్టుకోవచ్చు. పోలింగ్ బూత్‌లో ఇప్పుడు ఫోటో గుర్తింపు అడుగుతారు, మన ఇండియా పాస్‌పోర్టు చెల్లుతుంది. ఇల్లు మారినప్పుడల్లా కొత్త అడ్రస్‌తో మళ్లీ నమోదు చేసుకోమని కూడా చెప్పండి.