చెల్టనమా, పంచెస్‌టౌనా? రెండు పక్కలా బతికినవాడి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది, మార్చి దగ్గరపడేకొద్దీ ఆఫీసులో చెల్టనమ్ తప్ప వేరే మాట వినబడట్లేదు. ఇంగ్లండ్‌లో జరిగే గుర్రప్పందాలకి ఐరిష్‌వాళ్ళకి ఇంత ఆత్రం ఎందుకు, ఇక్కడి పంచెస్‌టౌన్‌కీ దానికీ ఏమిటీ పోటీ, ఒక్కదానికే వెళ్ళే వీలుంటే దేనికి వెళ్ళాలి?

ముందు నా సంగతి చెప్తాను. నేను పుట్టి పెరిగింది మలక్‌పేటలో, రేసుకోర్సుకి దగ్గర్లోనే. "ఆ గేటు వైపు చూశావంటే కాళ్ళు విరగ్గొడతా" అనేవాడు మా నాన్న. కాబట్టి గుర్రప్పందెం అంటే చదును నేల మీద రెండు నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం అనే అనుకునేవాణ్ణి. గుర్రాలు కంచెలు దూకుతూ మూడు మైళ్ళ పైచిలుకు పరిగెడతాయని 2018 చివర్లో మాస్టర్స్ కోసం చెల్టనమ్ ఊరికి వెళ్ళాకే తెలిసింది. రెండేళ్ళ తరవాత ఉద్యోగం ఐర్లండ్‌లో దొరికింది. అప్పట్నించీ కిల్డేర్ కౌంటీలోని నేస్‌లో ఉంటున్నా. పంచెస్‌టౌన్ ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్లు.

చదువుకునే రోజుల్లో అక్కడ ఒక హోటల్లో పొద్దుటిపూట టిఫిన్లు వడ్డించే పని చేసేవాణ్ణి. 2019 మార్చిలో చెల్టనమ్ ఫెస్టివల్ జరిగిన ఆ నాలుగు రోజులూ హోటలు మొత్తం ఐరిష్‌వాళ్ళే. ఆరున్నరకల్లా దిగేవాళ్ళు. ఒక చేతిలో ఫోర్కు, ఇంకో చేతిలో పెన్సిలు, ప్లేటు పక్కన రేసుల పేపరు. గుడ్డు పచ్చసొన కారి గుర్రాల పేర్ల మీద పడితే రుమాలుతో తుడిచి మళ్ళీ చదివేవాళ్ళు. రాత్రి ఒంటిగంట దాకా తాగిన మనుషులు వీళ్ళేనా అనిపించేది. లోపల వంటింట్లో మా చెఫ్ ఇంగ్లీషాయన. ఫ్రిజ్ తలుపు మీద మార్కరుతో రెండు గళ్ళు గీశాడు: మనం, వాళ్ళు. రేసు అయినప్పుడల్లా ఫోను చూసి ఒక గీత పెట్టేవాడు.

ఆ గీతల లెక్కకి ప్రెస్ట్‌బరీ కప్ అని పేరుంది. నాలుగు రోజుల్లో మొత్తం 28 రేసులు. ఏ దేశానికి ఎక్కువ గెలుపులొస్తే కప్పు వాళ్ళది. 2014లో మొదలెట్టారు. ఇక్కడ కొత్తవాళ్ళు పొరబడే చోటు ఒకటుంది. గుర్రం ఏ దేశంలో పుట్టింది, యజమాని ఎవరు, జాకీ ఎవరు అన్నది లెక్కలోకి రాదు. ట్రైనర్ లాయం ఏ దేశంలో ఉందన్నదే లెక్క. 2019లో చెల్టనమ్‌లోకెల్లా పెద్ద రేసైన గోల్డ్ కప్ గెలిచిన ఆల్ బూమ్ ఫోటో ఫ్రాన్స్‌లో పుట్టిన గుర్రం. అయినా దాన్ని తయారుచేసిన విల్లీ మలిన్స్ లాయం కార్లో కౌంటీలో ఉంది కాబట్టి గీత ఐర్లండ్ గడిలో పడింది. అంతకుముందు గోల్డ్ కప్‌లో ఆరుసార్లు రెండో స్థానంతో సరిపెట్టుకున్న మలిన్స్‌కి అదే మొదటిది.

ఆఖరి రోజు, ఆ శుక్రవారం, నేను రేసుకోర్సులోనే ఉన్నా. హోటల్లో దిగిన ఒకాయన ముందురోజు రాత్రి మోతాదు మించి మంచం దిగలేక తన టికెట్టు నాకిచ్చేశాడు. ఆఖరి రేసు ముందు లెక్క ఐర్లండ్ 14, బ్రిటన్ 13. నేను బుకీ దగ్గరికి వెళ్ళి పక్కవాడు అన్నట్టే "పది పౌండ్లు, ఈచ్ వే" అన్నా. వాడు ఇరవై తీసుకున్నాడు. మోసం చేస్తున్నాడేమో అని గొణిగితే వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఈచ్ వే అంటే రెండు పందేలట, గుర్రం గెలుస్తుందని ఒక పది, మొదటి కొన్ని స్థానాల్లోకి వస్తుందని ఇంకో పది. నా ఇరవై అట్నించటే పోయాయి. గెలిచింది క్రోకో బే అనే పన్నెండేళ్ళ గుర్రం, ధర 66కి 1, అంటే పౌండు పెడితే 66 పౌండ్ల లాభం. పన్నెండేళ్ళంటే ఈ పందాల్లో తాత కింద లెక్క. అలా 14–14 అయింది. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి చెఫ్ తన గడిలో చివరి గీత రెండింతలు లావుగా గీసి ఉంచాడు.

అదే బ్రిటన్‌కి ఈమధ్య దక్కిన చివరి ఊరట అనుకోండి. 2014, 2015ల్లో కప్పు బ్రిటన్‌దే. ఆ తరవాత 2025 దాకా చూస్తే 2019లో ఆ సమానం తప్ప అన్నీ ఐర్లండ్‌వే. 2021లో అయితే 23–5. కోవిడ్ వల్ల స్టాండ్లు ఖాళీ. మామూలుగా మంగళవారం మొదటి రేసు జెండా ఊపగానే జనమంతా ఒక్కసారిగా అరుస్తారు, చెల్టనమ్ రోర్ అంటారు దాన్ని. ఆ ఏడాది అది లేదు, టీవీలో డెక్కల చప్పుడే వినబడింది. నేస్‌లో మా ఇంటి ఓనరుతో కలిసి చూశా. రేచల్ బ్లాక్‌మోర్ ఆరు రేసులు గెలిచి ఆ వారం టాప్ జాకీ అయింది. ఆవిడ గెలిచిన ప్రతిసారీ ఆయన లేచి టీవీకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఆయన డెబ్బై దాటిన కార్క్ మనిషి. ఎవరేమడిగినా 1752 దగ్గర్నించి మొదలెడతాడు. ఆ ఏడు కార్క్ కౌంటీలో ఇద్దరు పందెం కట్టుకుని బటవెంట్ చర్చి నుంచి డోనరేల్ చర్చి దాకా గట్లూ గోడలూ దూకుతూ గుర్రాల మీద పోయారు. దూరంగా కనబడే చర్చి శిఖరమే గురి. ఇంగ్లీషులో శిఖరాన్ని స్టీపుల్ అంటారు కాబట్టి ఆటకి స్టీపుల్‌చేజ్ అన్న పేరు నిలిచిపోయింది. "ఆట పుట్టిందే మా ఊరి పక్కన, వాళ్ళు దానికి స్టాండ్లు కట్టి టికెట్టు పెట్టారు" అంటాడు. మీ ఆఫీసువాళ్ళ ఆత్రానికి సగం సమాధానం ఇందులోనే ఉంది.

మిగతా సగం డబ్బు. చాలాకాలం పాటు ఐర్లండ్ రైతు గుర్రాన్ని పెంచేవాడు, కాస్త బాగా దూకుతుందనిపిస్తే ఇంగ్లండ్ వాళ్ళకి అమ్మేసేవాడు. 1964 గోల్డ్ కప్ ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఇంగ్లండ్ తరఫున మిల్ హౌస్, ఐర్లండ్ తరఫున ఆర్కిల్. అంతకు మూడు నెలల ముందు న్యూబరీలో ఆర్కిల్ కాలు జారి ఓడిపోయింది, ఈసారి ఐదు లెంగ్తుల (అంటే ఐదు గుర్రాల పొడవు) తేడాతో గెలిచింది. తమాషా ఏమిటంటే మిల్ హౌస్ కూడా ఐర్లండ్‌లో పుట్టిందే. ఆర్కిల్ ఎంత గొప్పదైపోయిందంటే, గుర్రం సత్తాని బట్టి దాని మీద బరువు పెట్టే హ్యాండికాప్ రేసులకి ఐర్లండ్‌లో రెండు బరువుల పట్టికలు తయారుచెయ్యాల్సి వచ్చింది, అది పరిగెడితే ఒకటి, పరిగెత్తకపోతే ఒకటి. అలాంటి దేశం 1989లో చెల్టనమ్ నుంచి ఒక్క గెలుపు కూడా లేకుండా తిరిగొచ్చింది. మా ఓనరు ఆ ఏడాది వెళ్ళాడట. ఆ ప్రయాణం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పడు.

తరవాత లెక్క తిరగబడింది. జె.పి. మెక్‌మానస్, రయాన్‌ఎయిర్ విమానాల కంపెనీ మైకేల్ ఓలియరీ లాంటి ఐరిష్ సంపన్నులు మంచి గుర్రాల్ని కొని ఇక్కడి లాయాల్లోనే ఉంచడం మొదలెట్టారు. దానికి తోడు పాయింట్ టు పాయింట్ అని, ఆదివారాలు పొలాల్లో అమెచ్యూర్ జాకీలతో నడిచే పందాలున్నాయి. నాలుగేళ్ళ పిల్ల గుర్రాలకి అదే బడి. వాటిలో మెరిసినదాన్ని కొన్నాళ్ళకే వేలానికి పెడతారు, ఆ వేలాల్లో కొన్ని చెల్టనమ్‌లోనే జరుగుతాయి. ఇంగ్లండ్‌లో పెద్ద రేసులు ఎక్కువ కావడంతో మంచి గుర్రాలు ఒకదాన్నొకటి తప్పించుకు తిరగొచ్చు. ఐర్లండ్‌లో ఆ వీలు తక్కువ, ముందే కొట్టుకుని తేల్చుకుని వస్తాయి.

హ్యాండికాప్ రేసుల గురించి ఆఫీసులో గొణుగుడు వింటారు. బాగా పరిగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టి అందరినీ సమానం చెయ్యడమే హ్యాండికాప్. ఐరిష్ గుర్రాలకి వాళ్ళ దేశంలో ఇచ్చిన రేటింగు మీద బ్రిటిష్ అధికారులు ఇంకొన్ని పౌండ్ల బరువు కలుపుతుంటారు. ఇది అన్యాయమని ఇక్కడివాళ్ళు, అంత కలిపినా గెలుస్తున్నారు కదా అని అక్కడివాళ్ళు. నాకు రెండోదే సబబనిపిస్తుంది, కానీ నేస్‌లో పైకి అనను.

ఇక పంచెస్‌టౌన్. నిజానికి ఇది చెల్టనమ్‌కి పోటీ అనుకుంటే పొరపాటు. ఫిబ్రవరిలో డబ్లిన్ దగ్గర లెపర్డ్స్‌టౌన్, మార్చిలో చెల్టనమ్, ఏప్రిల్లో లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీ, ఏప్రిల్ ఆఖర్న పంచెస్‌టౌన్. ఇంచుమించు అవే గుర్రాలు, అవే లాయాలు. నిజంగా దెబ్బ తగిలేది ఎయిన్‌ట్రీకి, ఎందుకంటే అక్కడికి వెళ్ళకుండా పంచెస్‌టౌన్ కోసం గుర్రాన్ని దాచుకునే ఐరిష్ ట్రైనర్లు ఉంటారు. ఐర్లండ్ నుంచి చెల్టనమ్‌కి ఓడలకి ఓడలు గుర్రాలు వెళ్తాయి. అటునుంచి పంచెస్‌టౌన్‌కి వచ్చేవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకవైపే ప్రయాణం ఉన్నప్పుడు దాన్ని రెండు ఫెస్టివల్స్ మధ్య పోటీ అని ఎలా అంటాం? పోటీ అంతా చెల్టనమ్ గడ్డ మీదే, అది కూడా ఆ నాలుగు రోజులే.

అందుకే పంచెస్‌టౌన్‌లో పరీక్షలయ్యాక ఇంటికొచ్చిన పిల్లల హుషారు కనబడుతుంది. పిల్లాపాపల్తో వస్తారు, పొలాల్లో కార్లు ఆపుకుని డిక్కీలు తెరిచి సాండ్‌విచ్‌లు తింటారు. 2022లో హనీసకిల్ అనే గుర్రం అక్కడ చాంపియన్ హర్డిల్ (హర్డిల్ అంటే చిన్న కంచె) గెలిచినప్పుడు ఉన్నా. వరసగా పదహారో గెలుపు. దాన్ని లోపలికి తెస్తుంటే పెద్దవాళ్ళు పిల్లల్ని భుజాలెక్కించుకుని చూపించారు. తిరునాళ్ళలో రథం చూపిస్తామే, అచ్చం అలా.

ఇంకో సంగతి, అక్కడ లా టూష్ కప్ అని నాలుగు మైళ్ళు దాటిన రేసు ఒకటుంది. అందులో కంచెలే కాదు, పొలం గట్లు కూడా ఉంటాయి, మనిషంత ఎత్తువి. మా ఓనరు నన్ను ఒక గట్టు పక్కన నిలబెట్టాడు. గుర్రం దూసుకొచ్చి గట్టు మీదికి ఎగిరి, పైన ఒక్క క్షణం పిల్లిలా కాళ్ళు సర్దుకుని, అవతలికి దూకింది. మట్టిపెళ్ళ ఒకటి వచ్చి నా కోటుకి తగిలింది. జాకీ ఏదో బూతు తిట్టాడు, గుర్రాన్నో గట్టునో తెలీదు. 1752 ముచ్చట అప్పటిదాకా ముసలాయన సోది అనుకునేవాణ్ణి, ఆ గట్టు దగ్గర అర్థమైంది.

ఐర్లండ్ వైపు నాకు నచ్చనిదీ ఉంది. ఇక్కడి పెద్ద రేసుల్లో ఒక్కోసారి సగం గుర్రాలు మలిన్స్‌వే. ఇంట్లోవాళ్ళే కూర్చుని ఆడుకునే పేకాటలా ఉంటుంది. ఆయన 2024లో బ్రిటన్ చాంపియన్ ట్రైనర్ పట్టం కూడా పట్టుకుపోయాడు, 1954లో విన్సెంట్ ఓబ్రయన్ తరవాత ఐర్లండ్ నుంచి అలా చేసింది ఆయనే. 2025లోనూ మళ్ళీ ఆయనే. బ్రిటన్ అభిమానులకి మిగిలింది అప్పుడప్పుడూ దొరికే అద్భుతాలే. 2025లో చెల్టనమ్ చాంపియన్ హర్డిల్‌లో ఫేవరెట్ కాన్‌స్టిట్యూషన్ హిల్ మధ్యలో పడింది, ముందున్న మలిన్స్ గుర్రం స్టేట్ మ్యాన్ ఆఖరి హర్డిల్ దగ్గర పడింది, వెనకనున్న సోమర్సెట్ గుర్రం గోల్డెన్ ఏస్ 25కి 1 ధరతో గెలిచేసింది. మా చెఫ్‌కి మెసేజ్ పెడితే గీత ఒక్కటి పంపాడు, అంతే.

మీరు దేనికెళ్ళాలంటే, డబ్బు గురించి ఆలోచించే పనిలేకపోతే చెల్టనమ్. క్లీవ్ హిల్ కింద ఆ మైదానం, ఆఖరి ఎగువ దారిలో గుర్రాలు అలిసిపోతూ వచ్చే తీరు ఇంకెక్కడా లేదు. కానీ ఆ వారం హోటలు ధరలు చూసి ఎంతోమంది బ్రిటిష్‌వాళ్ళే స్పెయిన్‌లో బెనిడార్మ్‌కి పోయి అక్కడి పబ్బుల్లో టీవీలో చూస్తున్నారు. మీరు పంచెస్‌టౌన్‌కి రండి. డబ్లిన్ నుంచి రైలెక్కి సాలిన్స్‌లో దిగితే నేస్ పక్కనే. పాత బూట్లు, వాన కోటు. ఏప్రిల్ కదా అని పల్చటి చొక్కా వేసుకురాకండి. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. గుర్రాలు పడతాయి, కొన్ని లేవవు. అప్పుడు చుట్టూ ఆకుపచ్చ తెరలు పట్టుకుంటారు. నేను మొదటిసారి చూసినరోజు రాత్రి అన్నం తినలేకపోయాను. అది తట్టుకోలేమనుకుంటే కంచె దగ్గర కాకుండా, రేసుకి ముందు గుర్రాల్ని నడిపించే పరేడ్ రింగ్ దగ్గర నిలబడండి. గుర్రాలు మీకు రెండడుగుల దూరంలో నడుస్తాయి, ముక్కుల్లోంచి ఆవిర్లు కూడా కనబడతాయి.