పెళ్ళితో ఊరు మారే పీహెచ్‌డీ పిల్లకి

చిరంజీవి బుజ్జమ్మకి, మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ముహూర్తం పెట్టేశారని మీ అమ్మ చెప్పింది. శుభలేఖలకన్నా ముందు భంజవిహార్‌లో, అదే మీ బరంపురం యూనివర్సిటీలో, నీ కాగితాల సంగతి చూసుకో. బరంపురం వదిలి విశాఖ వెళ్తున్నావని పీహెచ్‌డీ మానక్కర్లేదు. పెళ్ళితో ఊరు మారే ఆడపిల్ల తన పరిశోధన డేటాను కొత్త యూనివర్సిటీకి తీసుకెళ్ళవచ్చని యూజీసీ (యూనివర్సిటీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 నిబంధనల్లో ఉంది. కాకపోతే ఆ పని నిధులొచ్చిన ప్రాజెక్టులోది కాకూడదు. ఇక్కడ చేసిన భాగానికి ఈ యూనివర్సిటీకీ, గైడుకీ గుర్తింపు ఇవ్వాలి. నీది ప్రాజెక్టు పనో, నీ సొంత అంశమో ముందు తేల్చుకో. తక్కినవన్నీ ఆ తర్వాతే.

బండి ఆగేది కొత్త గైడు దగ్గర. పీహెచ్‌డీ విద్యార్థుల్ని ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందినీ, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురినీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురినీ మించి తీసుకోకూడదు. రిటైర్మెంటుకి మూడేళ్ళలోపున్నవాళ్ళు కొత్తవాళ్ళని చేర్చుకోలేరు. "చూద్దాంలేమ్మా" అనే మాట పట్టుకుని కూర్చోకు. ఖాళీ ఉందో లేదో అడిగి, సినాప్సిస్‌ (నీ పరిశోధన సారాంశం) పంపి, ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా తీసుకో. పెళ్ళయ్యాక వెతుకుదామనుకుంటే ఏడాది ఇట్టే పోతుంది.

కోర్సువర్క్ మార్కుల మెమో, రిజిస్ట్రేషన్ ఉత్తర్వు, సలహా కమిటీ సెమిస్టర్ రిపోర్టులు, నిరభ్యంతర పత్రం: అన్నీ ఇక్కడున్నప్పుడే చేతిలో పెట్టుకో. ఒకటి మరిచిపోకు, ఒడిశాలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఆంధ్రా రాష్ట్ర ఉద్యోగాల రిజర్వేషనుకి చెల్లదు. పెళ్ళితో అది మారదు.

ఇంటిపేరు మార్చమంటారేమో. అచ్చయ్యే పరిశోధన పేపర్లమీద మాత్రం పాతదే ఉంచు, లేకపోతే నీ పేపర్లు ఇద్దరు మనుషులవైపోతాయి.

గడువు మామూలుగా ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఎనిమిది. ఆడవాళ్ళకి ఇంకో రెండేళ్ళ సడలింపు ఇవ్వొచ్చు. పిల్లలు పుడితే మొత్తం కాలంలో 240 రోజుల వరకు సెలవుంది, కానీ అర్జీ పెట్టుకోవాలి. చెప్పకుండా రావడం మానేస్తే రిజిస్ట్రేషన్‌కే ముప్పు. తొందర ఎందుకంటే, పీహెచ్‌డీ ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి తొలి ప్రమోషన్ నాలుగేళ్ళకే అడగొచ్చు, లేనివాళ్ళకి ఐదారేళ్ళు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే ఆ పట్టా లేనిదే గతి లేదు.

గైడు నిరభ్యంతర పత్రం ఇవ్వకుండా నాన్చితే తగువుపడకు. శాఖాధిపతి పేరుమీద అర్జీ రాసి, ఆఫీసులో ఇచ్చి, నీ కాపీమీద తేదీతో ముద్ర వేయించుకో. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అదే కాపీ జతచేసి రిజిస్ట్రార్‌కి పంపు.