మీటరు 130 చూపిస్తున్నా ఆట తడబడుతోందా?

ప్రశ్న: నాలుగు నెలల క్రితం ఏరి కోరి గేమింగ్ కంప్యూటర్ కట్టించుకున్నాను. ఎనిమిది కోర్ల రైజెన్ ప్రాసెసర్, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి. ఆటలో ఎఫ్‌పీఎస్ అంకె, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) గీస్తోందన్న లెక్క, ఎప్పుడూ 130 దగ్గరే ఉంటుంది. అయినా ఆడుతుండగా తెర ఉన్నట్టుండి రెప్పపాటు బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ తగ్గించినా మార్పు లేదు. రెండుసార్లు డ్రైవర్ మార్చాను, విండోస్ కూడా మళ్లీ ఎక్కించాను. ఇంకా పెద్ద కార్డు కొనడమే మార్గమా?

జవాబు: కార్డు కొనకండి. సెట్టింగులన్నీ తగ్గించినా మార్పు లేదని మీరే రాశారు. గ్రాఫిక్స్ కార్డు భారం మోయలేక ఆగుతున్నట్లయితే, ఆ భారం తగ్గించినప్పుడు కొంతైనా ఉపశమనం కనిపించాలి. కనిపించలేదంటే లోపం కార్డు శక్తిలో లేదు, మరెక్కడో ఉంది.

ముందు ఆ 130 సంగతి చూద్దాం. ఎఫ్‌పీఎస్ అంకె ఒక సగటు మాత్రమే. 144 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 6.9 మిల్లీసెకన్లకు ఒక కొత్త బొమ్మ కోసం ఎదురుచూస్తుంది. ఒక సెకనులో మీ కంప్యూటర్ ఒకే ఒక్క ఫ్రేము దగ్గర 100 మిల్లీసెకన్లు ఆగిపోయి, మిగిలిన 900 మిల్లీసెకన్లలో ఏడేసి మిల్లీసెకన్ల చొప్పున చక్కగా గీసిందనుకోండి. అప్పుడు కూడా ఆ సెకనుకు 129 ఫ్రేములు లెక్క తేలతాయి, మూలనున్న అంకె నిశ్చింతగా 129 అని చూపిస్తుంది. కానీ ఆగిన ఆ 100 మిల్లీసెకన్లలో మానిటర్ దాదాపు 14 సార్లు అదే బొమ్మను తిప్పి తిప్పి చూపించింది. మీ కన్ను పట్టుకున్నది దాన్నే. టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌కు చెందిన స్కాట్ వాసన్ 2011లో సగటును పక్కనబెట్టి ఒక్కొక్క ఫ్రేముకు పట్టిన సమయాన్ని కొలిచి చూపించినప్పటి నుంచే, కార్డులను పరీక్షించేవారు ఈ కొలతను పట్టించుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి మీరు చూడవలసింది ఫ్రేమ్ టైమ్ గ్రాఫు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్ దాన్ని ఆట మీదనే గీసి చూపిస్తుంది, ఇంటెల్ వారి ప్రెజెంట్‌మాన్ కూడా ఉచితమే. గీత తిన్నగా సాగుతుంటే అంతా బాగున్నట్టు. మధ్యలో ముల్లులా ఒక పొడుగాటి గీత లేచిన క్షణమే మీ తడబాటు.

గ్రాఫును పెట్టుకొని ఒక అరగంట ఆడండి, ఏ సెట్టింగూ మార్చవద్దు. ఆ ముల్లు ఎంత పొడుగన్నది కాదు, ఎప్పుడు లేస్తోందన్నది కాగితం మీద రాసుకోండి. ఈ పని చేయకుండా డ్రైవర్లు మార్చడం, విండోస్ ఎక్కించడం, రిజిస్ట్రీలో ఎవరో చెప్పిన అంకెలు దిద్దడం నా దృష్టిలో నాడి చూడకుండా మందు మింగడమే.

కొత్త ప్రాంతంలోకి అడుగు పెట్టినప్పుడు, కొత్త ఆయుధం మొదటిసారి పేల్చినప్పుడు, కొత్త శత్రువు మొదటిసారి ఎదురైనప్పుడు ముల్లు లేచి, అదే పని రెండోసారి చేస్తే లేవకపోతే, అది షేడర్ల వల్ల వచ్చే తడబాటు. మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. పొగ ఎలా కనబడాలి, నీటి మీద వెలుగు ఎలా మెరవాలి అని కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. గేమ్ కన్సోల్‌లో యంత్రం అందరికీ ఒకటే గనుక వాటిని ముందే ఆ యంత్రం భాషలోకి మార్చి పంపుతారు. కంప్యూటర్లలో కార్డులు వేరు, డ్రైవర్లు వేరు కాబట్టి, ఆ మార్పిడి మీ ఇంట్లో మీ ప్రాసెసర్ మీదనే జరగాలి. విండోస్‌లో ఆటలు కార్డుతో మాట్లాడే మాధ్యమమైన డైరెక్ట్‌ఎక్స్ 12తో వచ్చిన ఆటల్లో ఈ బాధ్యత చాలావరకు ఆట తయారుచేసినవారి మీద పడింది. వారు దాన్ని మొదట్లోనే ముగించకపోతే, సరిగ్గా అవసరం పడిన క్షణంలో, అంటే మీరు తుపాకీ గురిపెట్టిన క్షణంలో, ప్రాసెసర్ ఆ పని నెత్తికెత్తుకుంటుంది, కార్డు ఖాళీగా నిలబడుతుంది. అలా మార్చినవన్నీ డిస్కు మీద దాచిపెడతారు. అందుకే రెండోసారి ఇబ్బంది ఉండదు. అయితే డ్రైవర్ మార్చినప్పుడు ఆ నిల్వ చెల్లకుండా పోతుంది. మీరు రెండుసార్లు డ్రైవర్ మార్చి, ఆపై విండోస్ కూడా ఎక్కించి, ఇంచుమించు నయమవుతున్న గాయాన్ని మూడుసార్లు రేపుకున్నారన్నమాట. ఇక మీదట డ్రైవర్‌ను కదపవద్దు. ఆట మొదలైనప్పుడు షేడర్లు సిద్ధమవుతున్నాయన్న గీత కనిపిస్తే, ఎంత విసుగు పుట్టినా అది పూర్తయ్యేదాకా ఆగండి. మీది ఎన్‌విడియా కార్డయితే కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజును, అంటే ఆ నిల్వకు ఇచ్చే చోటును, 10 జీబీకి పెంచండి.

రెండోసారి వెళ్లినా అదే వంతెన దగ్గర, అదే ఊరి పొలిమేరలో ముల్లు లేస్తుంటే, అది ఆట తన ప్రపంచాన్ని ముక్కలు ముక్కలుగా డిస్కు నుంచి తెచ్చుకునే చోట ఉన్న లోపం. దానికి మీరు చేయగలిగేది స్వల్పం. తయారుచేసినవారు దిద్దేదాకా ఓర్చుకోవాలి.

ముల్లు ఆటతో సంబంధం లేకుండా, గడియారం కొట్టినట్టు ఒకే వ్యవధిలో లేస్తుంటే మాత్రం వెనకాల నడుస్తున్న మరేదో ప్రోగ్రామును అనుమానించండి. నా సొంత కంప్యూటర్‌లో ఒకప్పుడు కొన్ని సెకన్లకొకసారి కుదుపు వచ్చేది. వారం రోజులు ర్యామ్‌నే తప్పుపట్టి, స్టిక్కులు విప్పి అటూ ఇటూ మార్చాను. చివరికి దొంగ మరొకడని తేలింది. కేసు లోపల ఫ్యాన్లకు రంగు దీపాలు వెలిగించే ప్రోగ్రాము లెక్క తప్పకుండా మదర్‌బోర్డు సెన్సార్లను పలకరిస్తూ, ప్రతిసారీ మిగతా పనులన్నిటినీ ఆపుతోంది. దాన్ని తీసేసిన నిమిషానికే గ్రాఫు చదునైంది. దీపాల ప్రోగ్రాములు, ఉష్ణోగ్రతలు చూపించే ప్రోగ్రాములు, ఆట మీద తేలే రకరకాల ఓవర్‌లేలు అన్నీ ఒక పూట ఆపి చూడండి. రివాట్యూనర్ ఒక్కటే ఉంచండి. అప్పటికీ పోకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాము ఏ డ్రైవర్ ఎక్కువసేపు ప్రాసెసర్‌ను పట్టి ఉంచుతోందో పేరుతో సహా చూపిస్తుంది. పాత రైజెన్ వాడేవారికి ఒక మాట. విండోస్‌లో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ఏర్పాటు పెట్టుకున్న కొన్ని యంత్రాలు అప్పుడప్పుడు ఆగిపోతున్నాయని ఏఎండీ 2022 మార్చిలో స్వయంగా ఒప్పుకుని, బయోస్ (కంప్యూటర్ వెలగగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) అప్‌డేట్ రూపంలో సవరణ ఇచ్చింది. మీది డీడీఆర్5 బోర్డు, దాని తరువాతి తరానిది, కనుక ఆ భయం మీకు అక్కర్లేదు.

మీ ర్యామ్‌ను మాత్రం ఒకసారి చూడాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్‌ఫార్మెన్స్ కింద మెమరీ నొక్కితే వేగం కనిపిస్తుంది. ర్యామ్ డబ్బా మీద 6000 అని రాసి ఉండి, ఇక్కడ 4800 కనిపిస్తే, కట్టినవారు బయోస్‌లో ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపించే ఎక్స్‌పో అనే సెట్టింగును ఆన్ చేయలేదన్నమాట. ఇది ఎంత మామూలు పొరపాటో చెప్పలేను. స్టిక్కులు రెండే ఉంటే, నాలుగు స్లాట్లున్న బోర్డులలో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో ఉండాలి. చివరగా, మానిటర్‌కు ఫ్రేము సిద్ధమైనప్పుడే తెరను మార్చే ఫ్రీసింక్ లేదా జీసింక్ ఉంటే దాన్ని ఆన్ చేసి, ఎఫ్‌పీఎస్‌ను 140 దగ్గర కట్టడి చేయండి. దీనివల్ల ముళ్లు పోవు గాని, ఫ్రేముల మధ్య ఎడం సమానమై చూపు హాయిగా ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 ఉంది. ఆట మొదట్లో హాయిగా సాగుతుంది. ఇరవై నిమిషాల తరువాత తడబాటు మొదలై, క్రమంగా పెరుగుతుంది. ఆట మూసి తెరిస్తే మళ్లీ బాగుంటుంది. వేడి వల్లనేనా?

జవాబు: అందరూ మొదట వేడినే అంటారు, మీ వర్ణన మాత్రం దానికి సరిపోవడం లేదు. వేడి వల్ల అయితే మూసి వెంటనే తెరిచినా వేడెక్కిన ప్రాసెసర్ అంత త్వరగా కోలుకోదు, ఫ్రేముల వేగం మొత్తంగా పడిపోతుంది కూడా. మూసి తెరవగానే బాగుపడుతోందంటే కార్డు మెమరీ నిండిపోతోందని అర్థం. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి, తడబాటు మొదలైనప్పుడు డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంతది) అంచుకు చేరి, షేర్డ్ మెమరీ (ర్యామ్ నుంచి వాడుకునేది) పెరుగుతోందేమో చూడండి. మీ కార్డు తన సొంత మెమరీ నుంచి సెకనుకు 272 జీబీ లాగగలదు. అందులో పట్టని సరుకును మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే కార్డును మదర్‌బోర్డుతో కలిపే పీసీఐఈ దారి గుండా రావాలి. ఈ కార్డుకు ఆ దారిలో ఎనిమిది లేన్లే ఉన్నాయి కాబట్టి, సెకనుకు సుమారు 16 జీబీకి మించి రాదు. మదర్‌బోర్డు పాతదై పీసీఐఈ 3.0 మాత్రమే ఉంటే అదీ సగమవుతుంది. టెక్స్‌చర్ సెట్టింగును ఒక్క మెట్టు దించండి, మిగతావి ముట్టుకోనక్కర్లేదు. రే ట్రేసింగ్, ఫ్రేమ్ జనరేషన్ కూడా మెమరీ తినేవే. వెనకాల తెరిచి ఉన్న బ్రౌజర్ కూడా అందులో తన వాటా తీసుకుంటుంది.

ప్రశ్న: మౌస్ వేగంగా తిప్పినప్పుడే ఆట ముక్కలవుతోంది. నిలబడి చూస్తే ఏమీ ఉండదు. మౌస్ కొత్తది, ఖరీదైనదే.

జవాబు: ఆ కొత్తదనమే కారణం కావచ్చు. దాని సాఫ్ట్‌వేర్‌లో పోలింగ్ రేటు 8000 హెర్ట్జ్ అని ఉంటే 1000కి దించండి. సెకనుకు ఎనిమిది వేల కబుర్లు వినవలసి వచ్చినప్పుడు కొన్ని ఆటలు తమ పని మరిచిపోతాయి.

ప్రశ్న: ఆన్‌లైన్ ఆటలో నా పాత్ర ముందుకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి పడుతోంది. ఇది కూడా స్టటర్ అనే తడబాటేనా?

జవాబు: కాదు, అది నెట్‌వర్క్ ల్యాగ్. ఆ క్షణంలో ఫ్రేమ్ టైమ్ గీత తిన్నగానే ఉంటుంది, చూసుకోండి. ఉంటే కంప్యూటర్‌ను వదిలేసి, వైఫైకి బదులు కేబుల్ తగిలించి ఆడండి.