దాల్చినచెక్క వీడియో గురించి

చిరంజీవి సింధుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. దాల్చినచెక్క కషాయం నలభై రోజులు తాగితే షుగర్ దిగిపోతుందని, ఇక బిళ్లలతో పనే లేదని చెబుతున్నాడు. మీ నాన్న బిళ్లలు మానేసి అయిదు రోజులైందన్నావు. మిగతాది తర్వాత చదువుకో, ముందు ఆయన చేత డాక్టరుగారికి ఫోన్ చేయించు. మానేసిన రోజులవన్నీ కలిపి ఒకేసారి మింగకూడదని కూడా చెప్పు.

ఇక వీడియో సంగతి. "పరిశోధనలో తేలింది" అన్నాడే గానీ ఎవరు చేశారో, ఎక్కడ చేశారో చెప్పలేదు. అలాంటప్పుడు మనమే వెతకాలి. పబ్‌మెడ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. వైద్య పరిశోధనా వ్యాసాల వివరాలు అక్కడ దొరుకుతాయి. దాల్చినచెక్క, డయాబెటిస్ అని ఇంగ్లిష్‌లో కొట్టు. 2003లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చిన వ్యాసం కనిపిస్తుంది. ఆ నలభై రోజుల లెక్క అందులోదే.

పాకిస్తాన్‌లో 60 మంది మీద చేశారు. కొందరికి రోజుకు 1, 3, 6 గ్రాముల చొప్పున దాల్చినచెక్క పొడి, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. పొడి తీసుకున్నవాళ్లకు పరగడుపు షుగర్ 18 నుంచి 29 శాతం తగ్గిందని రాశారు. అంటే వీడియోలో నలభై రోజుల అంకె తప్పు కాదు. కానీ వ్యాసం లోపలికి వెళ్లి చూడు: ఆ 60 మందీ షుగర్ బిళ్లలు వాడుతూనే ఉన్నారు! బిళ్లలు మానేస్తే ఏమవుతుందో ఆ పరిశోధన చూడనే లేదు. మానేయమన్న మాట ఆ వీడియో ఆయన సొంతంగా కలిపింది. పైగా 40 రోజులంటే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో తేడా సరిగ్గా తెలియడానికి కూడా చాలదు, అది రెండు మూడు నెలల షుగర్ సగటు కదా.

అక్కడితో ఆగకు. ఒక్క వ్యాసం చూసి నమ్మడమూ వద్దు, కొట్టిపారేయడమూ వద్దు. దాని తర్వాత ఏం జరిగిందో చూడు. ఒకే ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ పోగుచేసి జల్లెడ పట్టే సంస్థ కాక్రేన్. వాళ్లు 2012లో దాల్చినచెక్క మీద 10 పరిశోధనలు, మొత్తం 577 మంది వివరాలు కలిపి చూశారు. షుగర్‌కి వాడమని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు.

పత్రిక పేరు పెద్దదైతే చాలదా అని అడుగుతావేమో. చాలదమ్మా. కోవిడ్ సమయంలో, 2020 మే నెలలో, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు మీద లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 96 వేల మంది రోగుల వివరాలన్నారు. ఆ వివరాలు సరైనవో కావో తనిఖీ చేయడానికి వీల్లేక, జూన్ మొదటి వారంలోనే వెనక్కి తీసుకున్నారు. ఇలా వెనక్కి తీసుకున్నవాటికి పబ్‌మెడ్‌లో పైనే ఆ గుర్తు కనిపిస్తుంది. చదివే ముందు అది చూసుకో.

నేను మందుల కౌంటర్లో ఉన్న రోజుల్లో ఒకాయన పేపరు కటింగ్ మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఏదో ఆకు రసం గురించి. రెండు నెలలు బిళ్లలకు రాలేదు. తర్వాత వచ్చినప్పుడు కాలికి కట్టు ఉంది. కౌంటరు అంచు పట్టుకుని, చీటీ నా చేతికిస్తూ తలెత్తలేదు. ఆ కటింగ్ నేను ఒక్కసారైనా అడిగి తీసుకుని చదవలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది నాకు. అందుకే ఇంత రాస్తున్నాను.

మీ నాన్నతో వాదించకు. పక్కన కూర్చోబెట్టుకుని ఆ వ్యాసం తెరిచి, బిళ్లలు వాడుతున్నారని ఉన్న వాక్యం ఆయన చేతే చదివించు. ఇంగ్లిష్ కష్టమైతే ఫోన్ స్పీకర్లో పెట్టు, నేను చెబుతాను. ఆయన నా మాట వింటారు. డాక్టరుగారు ఏమన్నారో రాత్రికి మెసేజ్ పెట్టు. ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ