సంబంధం సంగతి తర్వాత, ముందు వాళ్ల నాన్నను పక్కన కూర్చోబెట్టండి

అనంతపురం నుంచి రాసిన అమ్మకు,

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నాలుగు సబ్జెక్టులు పోయినప్పటి నుంచి అబ్బాయి గది దాటి రావడం లేదనీ, రాత్రిళ్లు నిద్ర లేదనీ, ముచ్చటపడి కొనిపించుకున్న వాచీని పోయిన వారం పిన్ని కొడుక్కి ఇచ్చేసి "ఇక నాకెందుకులే" అన్నాడనీ రాశారు. ఇంతా రాసి చివర్లో అడిగింది మాత్రం, మెంటల్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పెద్దమ్మాయికి కర్నూలు నుంచి వచ్చిన సంబంధం చెడిపోతుందేమో అని. పోతే పోనివ్వండమ్మా. తమ్ముడి జబ్బు చూసి వెనక్కి తగ్గేవాళ్లు రేపు మీ పిల్లకు జ్వరమొస్తే మాత్రం చూస్తారా?

నన్ను గుచ్చుకున్న మాట వేరే ఉంది. "ఆయన ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పిస్తారు." ఎనిమిది నెలలుగా! చీనీ తోట నుంచి ఆయన రాగానే వీడి తలుపు మూసుకుంటుంది, మీరేమో ఆయన కోపాన్ని కాస్త తగ్గించి ఇటూ, వీడి మౌనానికి ఏదో సాకు చెప్పి అటూ మోస్తున్నారు. ఆ పని ఈ రాత్రికే మానేయండి. ఫీజు కట్టినంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు, నేనన్నానని ఆయనకు చదివి వినిపించండి. రొట్టె పళ్లెం ఆయనే గదిలోకి తీసుకెళ్లాలి. మార్కుల మాట ఎత్తకుండా కాసేపు కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మీ భయం, అలా పుట్టదు, లోపల మోస్తున్నవాడికి దించుకునే చోటు దొరుకుతుంది. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు.

ఇష్టమైన వస్తువు అలా ఇచ్చేయడం చిన్న విషయం కాదమ్మా. తోటకు కొట్టే మందులు ఇంట్లో ఉంటే ఈ పూటే తీయించి వేరేచోట తాళం వేయించండి, తాళంచెవి ఎక్కడుందో వాడికి తెలియకూడదు. 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అని 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్నది, డబ్బులు పడవు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఏదైనా చేసుకుంటాడనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా 108 పిలవండి. లేకపోతే పొద్దున్నే సర్వజనాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే గుణం లేదని మీ అంతట మీరు ఆపేయకండి.

మీరూ మీ తమ్ముడూ తీసుకెళ్తామని రాశారు. వద్దు. ఆయన రావాలి, ఓపీ చీటీ ఆయనే రాయించాలి, డాక్టరు పిలిచేదాకా వాడి పక్కన బెంచీ మీద ఆయనే కూర్చోవాలి. చీనీకాయల కోత రెండు రోజులు ఆగుతుంది.